మామ చేతిలో స్టీరింగు

మా మామ కారు నడుపుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. మిగతావాళ్లంతా వెనక సీటుకు పరుగెత్తడం వల్ల ఆ చోటు నాకు మిగిలింది. మా అత్త వెనక ఎక్కి, తలుపు గట్టిగా లాక్కుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకునేది. దిగాల్సిన చోటు వచ్చేదాకా తెరిచేది కాదు. మా ఆయనకు నెల్లూరులో గుమాస్తా ఉద్యోగం. శనివారం సాయంత్రం ఊరికి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. బస్సు కోసం ఎండలో కోట ఊరి దాకా నడిచేవాడు గానీ వాళ్ల నాన్న కారు మాత్రం ఎక్కేవాడు కాదు.

మామ నాకు భర్త తండ్రి మాత్రమే కాదు, మా అమ్మకు స్వయానా అన్న. పుట్టినప్పటి నుంచీ నేను ఆయన మేనకోడల్ని, కోడలు అయింది తర్వాత. ఆయన భుజాలెక్కి పెరిగినదాన్ని కాబట్టి తలుపు చాటున నిలబడి మెల్లగా మాట్లాడే కోడలి పద్ధతులు నాకు అబ్బలేదు. ఏదైనా నచ్చకపోతే ఎదురుగా నిలబడి “ఏంది మామా ఇది?” అని అడిగేసేదాన్ని. నాకు నోరెక్కువ అని ఊరంతా అనేవాళ్లు. నిజమే, ఎక్కువే.

మా ఊరు కోటకూ వాకాటికీ మధ్యన. దారికి రెండు పక్కలా వరి మళ్లు, మా మాటలో కయ్యలు, తూర్పున సరుగుడు తోపులు, వాటి అవతల సముద్రం. అరవైల మొదట్లో మామ మద్రాసు వెళ్లి ఒక పాత నల్ల కారు కొన్నాడు. అక్కడే ఎవరి దగ్గరో నాలుగు రోజులు నేర్చుకుని, తనే నడుపుకుంటూ ఊళ్లోకి దిగాడు. అప్పటిదాకా ఆయన తోలింది ఎద్దులబండి. ఆయన లెక్కలో ఇది కూడా ఎద్దులబండే, ఎద్దులు కనపడకపోవడం ఒక్కటే తేడా. ఆపాలంటే బ్రేకు మీద కాలు వేసి, నోటితో “హో… హో…” అనేవాడు. ఎక్కువసార్లు కాలి కంటే నోరే ముందు పనిచేసేది.

ఎద్దులబండి తోలే రైతు కళ్లు దారి మీద ఉండవు. ఇది మా వైపు అందరికీ తెలిసిన సంగతే. పగ్గాలు వదులు చేసి కూర్చుంటే దారి సంగతి ఎద్దులు చూసుకుంటాయి. రైతు చూసేది కయ్యల్ని. ఎవరి నారు పచ్చగా ఉంది, ఎవరి పైరు పొట్ట మీద ఉంది, ఎవరి గట్టు తెగి నీళ్లు పోతున్నాయి, ఎవరి మొలగొలుకుల వరికి తెగులు పట్టింది, ఇవన్నీ బండి మీద కూర్చునే తెలుసుకోవాలి. మామ కారులో కూర్చుని కూడా అదే పని చేసేవాడు. ఎవరి పైరు బాగుంటే కారు అటు ఒరిగేది. చివరికి ఊళ్లో వాళ్లు, మామ కారు చక్రం ఎవరి గట్టు మీద గుర్తు వేస్తే ఆ ఏడు వాళ్లకు పంట బాగా పండినట్టే అని చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. గట్టు పాడైనవాడు కూడా లోలోపల సంతోషించేవాడు.

నా పని “మామా, దోవ!” అని అరవడం. నేను అరవగానే ఆయన ఉలిక్కిపడి స్టీరింగు ఇటు తిప్పేవాడు.

“చూస్తానే ఉండాలే పాపా” అనేవాడు, కళ్లు ఇంకా ఆ కయ్యలోనే పెట్టి.

సముద్రం వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు నెత్తిన చేపల గంపలు పెట్టుకుని కోట సంతకు వరసగా వెళ్లేవాళ్లు. దూరాన మామ హారన్ వినపడగానే వాళ్లు ముందుగా పక్క సీటు వైపు చూసేవాళ్లు. నేను ఉంటే దారి పక్కకు తప్పుకునేవాళ్లు, నేను లేకపోతే గంపలతో సహా కయ్యలోకి దిగేవాళ్లు. ఒకసారి సంతలో వాళ్లలో ఒకామె నన్ను పట్టుకుని, “అమ్మే, నువ్వు బండిలో ఉంటే చెయ్యి బయటికి పెట్టి ఊపు. బురదలో దిగే పని తప్పతాది మాకు” అంది. అప్పటి నుంచి చెయ్యి ఊపడం కూడా నా ఉద్యోగంలో చేరింది.

ఇదంతా మాకు వేడుక. అందుకే తర్వాత వచ్చినదాన్ని మేము చాలా రోజులు పోల్చుకోలేకపోయాం. పరధ్యానం మనిషి ఏం మరిచిపోయినా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. మామ కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికింది, నవ్వాం. ఒకే సంగతి ఒకే పూటలో మళ్లీ మళ్లీ అడిగాడు, నవ్వాం. ఆయన మనసు లోపల నిజంగానే ఏదో జారిపోతూ ఉంటే, మేము అది ఆయన పాత అలవాటే అనుకుని సరదాగా చెప్పుకుంటూ కూర్చున్నాం.

నాకు తెలిసింది ఒక పొద్దున. మా ఊరి దారి వెళ్లి పెద్ద రోడ్డులో కలుస్తుంది. అక్కడ ఒక పక్కకు తిరిగితే కోట, ఇంకో పక్కకు తిరిగితే వాకాడు, తిరగకపోతే ఎదురుగా కాలువ. ఆ రోజు కోటకు బయలుదేరాం. మలుపు వచ్చింది. మామ స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కారు మెల్లగా కాలువ వైపే పోతోంది. నాకు నవ్వొచ్చింది.

“ఏంది మామా, ఎద్దులు కట్టినామనుకున్నావా?”

“అయ్యే తిరగతాయిలే పాపా. వాటికి దోవ తెలుసు” అన్నాడు.

ఆయన మొహం వైపు చూశాను. అందులో వేళాకోళం లేదు. ఆ ఎద్దులు తిరగడం కోసం ఆయన నిజంగానే ఎదురుచూస్తున్నాడు. వంగి స్టీరింగు పట్టుకుని నా శక్తి కొద్దీ లాగాను. కారు కాలువ గట్టు ఎక్కి, ముందు చక్రం గాలిలో పెట్టి, దగ్గి ఆగిపోయింది. వెనక అత్త కళ్లు మూసుకునే “కోట వచ్చిందా?” అంది.

మామ నా వైపు తిరిగి, చిన్న గొంతుతో, “మనం యాడికి పోతా ఉండాం పాపా?” అన్నాడు. అది ఆయన పుట్టి పెరిగిన దారి. నేను “కోటకు మామా” అన్నాను, నవ్వకుండా.

ఇంటికి వచ్చాక అత్తకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చెయ్యి ఆపకుండానే, “నాకు ఎప్పుడో అనుమానం ఉంది. అన్నం తిని చెయ్యి కడుక్కోని వచ్చి, అన్నం పెట్టలా అని అడగతా ఉండాడు. ఎవురికి చెప్పుకునేది?” అంది. చేట పక్కన పెట్టేసి అప్పుడు ఏడ్చింది.

అత్తకు కళ్లు చూపించాలనే వంకతో మామను బస్సులో నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. డాక్టరు మెల్లగా మాట కలిపి, ఇది ఏ నెల, ఇక్కడికి ఎట్లా వచ్చారు, పొద్దున ఏం తిన్నారు అని మామను అడిగాడు. మామకు ఒళ్లు మండింది. “పొద్దున ఏం తిన్నానో చెప్పేదానికి నేను నెల్లూరు రావల్నా? మా ఇంట్లో అడిగితే చెప్పరా?” అని డాక్టరు మీదే ఎగిరాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పాడు. ఇది తగ్గే జబ్బు కాదు, మెల్లమెల్లగా పెరుగుతుంది. చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయి, కానీ దారిలో ఏదైనా హఠాత్తుగా ఎదురైతే ఏం చెయ్యాలో ఆయనకు తోచదు. కారు మాత్రం నడపనివ్వకండి అన్నాడు. వినడానికి చిన్న మాటే. మా మామ చేతిలోంచి ఆ స్టీరింగు తీసుకోవడం అంటే ఏమిటో ఆ డాక్టరుకు తెలియదు. ఊళ్లో మొదటి కారు ఆయనది. దాన్ని లాక్కుంటే మనిషి మంచం పట్టేస్తాడు. లాక్కోకపోతే ఏదో ఒక రోజు ఎవరినో గుద్దేస్తాడు. గుద్దిన సంగతి మర్నాటికి మరిచిపోతాడేమో కూడా.

మేము చెయ్యని మాయ లేదు. తాళం చెవి దాచుదామంటే, అది ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉండేది. పెట్రోలు అయిపోయింది అన్నాం. ఆయన ఎద్దులబండి కట్టించి గూడూరు నుంచి డబ్బాలో తెప్పించాడు. ఇంజను తిప్పే ఇనప హ్యాండిల్ గడ్డివామిలో దాచాం. కమ్మరి చేత అలాంటిదే ఇంకొకటి చేయించుకొచ్చాడు. ఒక ఆదివారం మా ఆయన దొంగలాగా వెళ్లి చక్రాలన్నిటిలో గాలి తీసేశాడు. మామ మా జీతగాణ్ణి పిలిచి పంపు ఇచ్చాడు. పాపం ఆ మనిషి చెమటలు కక్కుతూ గాలి కొడుతూ మా ఆయన వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అన్నం తిన్న సంగతి గుర్తుండని మనిషికి కారు సంగతి మాత్రం పొద్దున లేవగానే గుర్తొచ్చేది.

ఒకరోజు నేను పెరట్లో రోటి దగ్గర ఉండగా కారు చప్పుడు వినపడింది. చేతులకు పిండితోనే పరుగెత్తాను. అప్పటికే ఆయన ఒక్కడే వెళ్లిపోయాడు. ఊరి చివర దాటేసరికి దారి మధ్యలో కారు అడ్డంగా ఆగి ఉంది. చేపల ఆడవాళ్లు పక్క సీటు ఖాళీగా ఉండడం చూసి ముందే కయ్యలోకి దిగిపోయారట. వాళ్లలో ముసలామె ఒకతి కాళ్లు సరిగా కదలక వెనకబడింది. కారు తన మీదికే వస్తుంటే గంప పారేసి, అడ్డంగా కయ్యలోకి దూకింది. రోడ్డంతా చేపలు. మామ పంచె ఎగ్గట్టి, ఒక్కొక్క చేపనూ ఏరి గంపలో వేస్తున్నాడు.

ముసలామె నడుం దాకా బురదతో గట్టెక్కింది. దెబ్బేమీ తగల్లేదు. “పెద్దయ్యా, ఇంకోసారి నన్ను తొక్కాలని ఉంటే ముందు బండెక్కించుకోని తిప్పు. ఆ మోజు తీర్చుకోని చస్తా!” అని కేకేసింది. వాళ్లంతా విరగబడి నవ్వారు. మామ కూడా నవ్వాడు. నవ్వుతూనే నా దగ్గరికి వచ్చి, చేతిలో చేపతో, “ఈ చేపలు ఎవురు పారబోసినారు పాపా?” అని అడిగాడు.

ఆ చేప తీసుకుని గంపలో వేశాను.

ఆ సాయంత్రం ఉపాయం చెప్పింది మా అత్త. అక్షరం ముక్క రాని మనిషి అంటారు గానీ పశువుల కొట్టం నడిపిన తెలివి ఆమెది. “ఎద్దు ముసలిదైతే ఏం చేస్తాం? ఊరికే కట్టేస్తే మేత మానేస్తాది. కోడెను తెచ్చి దాని పక్కన కాడికి కడతాం. నేర్పే పని ముసలిదానికి, లాగే పని కోడెకు. రెండూ బాగుంటాయి” అంది. మా వైపు కోడెలకు కాడి అలవాటు చేసేది అట్లాగే. కొత్తదాన్ని పాతదానితో జత కట్టి, బరువు లేని బండికి పూన్చి, ఇసక దారిలో తిప్పుతారు. ముసలి ఎద్దు తన గౌరవం పోయిందనుకోదు, ఇంకా పెరిగిందనే అనుకుంటుంది.

“అయితే ఇప్పుడు ఆ కోడె ఎవరు?” అన్నాను.

“మీ ఆయన వల్ల కాదు. కారు కొన్న కొత్తలో నేర్చుకోబోయి, వాళ్ల నాయన తిట్లకు బండిలోంచి దూకి నడిచొచ్చేసినాడు గదా. ఇంక ఎవురుండారు?” అని నా వైపు చూసింది.

“నేనా?”

“కాక? అంత నోరుండాది, స్టీరింగు పట్టుకోలేవా?”

మర్నాడు మామ ముందు నిలబడి, “నాకు కారు నేర్పించు మామా” అన్నాను. “ఆడపిల్లకి కారెందుకు?” అంటాడని జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆయన ఆ మాట అనలేదు. భుజం మీద తుండు దులిపి మళ్లీ వేసుకుని, “మాట వింటావా?” అన్నాడు. “వింటా” అన్నాను. అంతే, ఎడమ పక్క తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

తోపుల మధ్య నుంచి సముద్రానికి పోయే గట్టి ఇసక దారి మాకు బడి. కుడి ఎడమలు ఆయన నోట రావు. ఎడమవైపు కట్టే ఎద్దు దాపటిది, కుడివైపుది వలపటిది కాబట్టి, “దాపటికి తిప్పు! వలపటికి, వలపటికి!” అని కేకలు. ఇంజను గొంతు విని గేరు మార్చడం, ఇసకలో బ్రేకు తొక్కకుండా వేగం తగ్గించడం, ఎదురుగా పశువు వస్తే దాని కళ్లు ఎటు ఉన్నాయో చూడడం, అన్నీ ఆయన చెప్పాడు. డాక్టరు చెప్పినట్టే, చేతికి తెలిసింది చేతిలో చెక్కుచెదరకుండా ఉంది. ఇంకో విచిత్రం చూశాను. నన్ను కనిపెట్టి ఉండాల్సి రావడంతో ఆయన కళ్లు దారి వదిలేవి కావు. నేను అటు ఇటు చూస్తే నెత్తిన మొట్టేవాడు. “పక్కకు చూడొద్దు! కయ్యలు యాడికీ పోవు!” అని ఆయన నన్ను తిడుతుంటే, వెనక సీట్లోంచి అత్త గొంతు నిండా నవ్వింది.

కొన్ని రోజుల్లో ముందు రోజు చెప్పిన పాఠం మరిచిపోయి, మళ్లీ మొదటి నుంచి “ఇది క్లచ్చి, ఇది బ్రేకు” అని మొదలుపెట్టేవాడు. మొదట్లో నాకు దుఃఖం వచ్చేది. తర్వాత కొత్త శిష్యురాలిలా “ఇదేంది మామా?” అని అడగడం నేర్చుకున్నాను. క్లచ్చి గురించి నా అంత క్షుణ్ణంగా చదువుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు. నేను కోట సంతకు మొదటిసారి నడుపుకుంటూ వెళ్లినప్పుడు మగవాళ్లు టీ కొట్లోంచి బయటికి వచ్చి నోరు తెరుచుకుని చూశారు. చేపల ఆడవాళ్లు గంపలు దించి ఈలలు వేశారు. నాకు ఎంత గర్వం వచ్చిందో చెప్పడానికి సిగ్గుపడను.

కానీ గొడవ తీరలేదు. ఇంకా కొన్ని పొద్దుల్లో నేను వచ్చేసరికి ఆయన స్టీరింగు ముందు కూర్చుని ఉండేవాడు. ఏదో ఒకటి చెప్పి దించేవాళ్లం, ఒక్కోసారి దిగేవాడు కాదు. ఇంతలో నాకు లైసెన్సు పరీక్ష దగ్గరపడింది. మామ లైసెన్సు గడువు కూడా అప్పుడే తీరింది. అది మళ్లీ చేతికి వస్తే ఆ కాగితం చూపించి ఇంకెవరి మాటా వినడని మా భయం. ఆయన్ని ఇంట్లో వదిలి వెళదామని మా ఆయన అన్నాడు. నేర్పిన గురువును వదిలి పరీక్షకు వెళ్లడమా? మామ అందరికంటే ముందు తయారై, ఇస్త్రీ చొక్కా వేసుకుని కారులో కూర్చున్నాడు.

నెల్లూరు దాకా ‘ఎల్’ బోర్డు పెట్టుకుని నేనే నడిపాను. పరీక్ష పెట్టే ఆయన ముందు ఒక ఆడమనిషి కారు వెనక్కి తీసుకుంటుంటే చూడ్డానికి రోడ్డు మీద జనం గుమిగూడారు. దూరాన నిలబడి మామ, పెదవులు కదుపుతూ, గాలిలో చెయ్యి దాపటికీ వలపటికీ తిప్పుతున్నాడు. గెలిచాను. లోపల ఆఫీసులో బల్ల దగ్గరికి వెళితే అక్కడున్న గుమాస్తా మామను గుర్తుపట్టి, ఎంతో మర్యాదగా లేచి, “మీది కూడా గడువైపోయింది కదండీ. ఇక్కడ సంతకం పెట్టండి, ఒకేసారి పంపించేస్తాను” అని కాగితం ముందు పెట్టాడు.

మా ఆయన వాళ్ల నాన్న ముందు ఎప్పుడూ నోరు విప్పి ఎరగడు, చూరు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను అడ్డం పడాలి. పదిమందిలో ఆయనకు మతి సరిగా లేదని చెప్పాలి. ఊరంతా ఎక్కువని చెప్పుకున్న నా నోరు ఆ క్షణంలో పెగల్లేదు. మామ కలం తీసుకున్నాడు. కాగితం మీద వంగాడు. సంతకం పెట్టకుండానే కలానికి మూత పెట్టాడు.

“నాకొద్దబ్బయా” అన్నాడు. “నాకు దోవ మతికి రావడం లా. నా చేతిలో పడి ఎవురైనా చచ్చిపోతారు. తోలేదానికి మా పాప ఉంది, దానికియ్యి చాలు.”

కట్టుకున్న భార్యతో కూడా ఆయన ఎన్నడూ ఆ మాట అనలేదు. మేము ఎన్ని నాటకాలాడామో, అవన్నీ ఆయనకు తెలుసో తెలియదో నేను ఈనాటికీ చెప్పలేను. మా ఆయన వెళ్లి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకున్నాడు. నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను. కారు తలుపుకు ఆనుకుని, జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

మామ నా వెనకే వచ్చాడు. నేను కారు ఆపగానే తీసుకున్న తాళం చెవి ఆయన గుప్పిట్లో ఉంది.

“ఏడస్తా బండి తోలకూడదు పాపా. దోవ కనపడదు” అన్నాడు. నేను కళ్లు తుడుచుకునేదాకా తాళం చెవి ఇవ్వలేదు.